టంగ్‌స్టన్‌ని పనికి తగ్గట్టు ఎంచుకోవడం ఎలా: వేడికా, అరుగుదలకా, బరువుకా?

టంగ్‌స్టన్ కావాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే, దేనికి అని. ఎందుకంటే టంగ్‌స్టన్ అన్న పేరుతో దొరికేది ఒక వస్తువు కాదు, కనీసం నాలుగు. టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ లాంటి గ్యాస్ కప్పుతూ ఆర్క్‌తో, అంటే విద్యుత్ మెరుపుతో, లోహాన్ని అతికే పద్ధతి) టార్చిలో పెట్టే సన్నటి కడ్డీ దాదాపు అచ్చమైన లోహం. లేత్ మీద ఉక్కును చెక్కే ఇన్సర్ట్ (టూల్ చివర బిగించే కోత ముక్క) మాత్రం టంగ్‌స్టన్ కార్బైడ్, అంటే టంగ్‌స్టన్, కార్బన్ కలిసిన గట్టి పొడిని కోబాల్ట్‌తో అతికించి కాల్చిన ముక్క. విమానం తోక దగ్గర కదిలే భాగాలకు బరువు సర్దడానికి పెట్టే దిమ్మ హెవీ అల్లాయ్, అందులో నికెల్‌తో పాటు ఇనుమో రాగో ఉంటుంది. ఇక హైస్పీడ్ స్టీల్ డ్రిల్ బిట్‌లో టంగ్‌స్టన్ ఉక్కులోనే కలిసిపోయి ఉంటుంది. ఈ నాలుగింటిలో ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

పని నేర్చుకునే రోజుల్లో ఇది నాకు తెలియదు. టంగ్‌స్టన్ అంటే అన్నిటికన్నా గట్టిది అని ఎక్కడో విని, ఒక చిన్న పంచ్ చేయడానికి అచ్చమైన టంగ్‌స్టన్ కడ్డీ తీసుకుని, శ్రద్ధగా మొన తీర్చి సుత్తితో కొట్టాను. రెండో దెబ్బకి నిలువునా చీలిపోయింది. కడ్డీలో లోపం ఏమీ లేదు. అచ్చమైన టంగ్‌స్టన్ మామూలు గది వేడిలో పెళుసుగా ఉంటుంది, కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కితే కానీ సాగే గుణం రాదు, పైగా కడ్డీగా లాగేటప్పుడు లోపలి రేణువులన్నీ పొడుగ్గా నారలాగా సర్దుకుంటాయి కాబట్టి చీలితే నిలువుగానే చీలుతుంది. గట్టిదనం కోసం పేరు పొందింది కార్బైడ్, లోహం కాదు.

అందుకే కొనే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది: మీ పనిలో భాగాన్ని చంపేది ఏది? వేడి చంపుతోందా, రాపిడి చంపుతోందా, లేక ఉన్న కాస్త చోటులో బరువు చాలకపోవడమా? వేడి అయితే లోహం, రాపిడి అయితే కార్బైడ్, బరువు అయితే హెవీ అల్లాయ్. రెండు సమస్యలు కలిసి ఉన్నప్పుడు ఏది ముందు దెబ్బ తీస్తుందో చూసి దానికే ఓటు వేయండి.

చేతిలో ఉన్నది ఏదో ముందు తేల్చుకోండి

పాత డబ్బాలో పేరు లేని ముక్క దొరికిందనుకోండి. చూపుకి అన్నీ బూడిదరంగే. బరువు చెప్పే నిజం రంగు చెప్పదు, కాబట్టి సాంద్రత చూడండి. దీనికి ఒక చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక గ్లాసు నీళ్లు, కాస్త దారం చాలు. ముందు ముక్కని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత నీళ్ల గ్లాసుని త్రాసు మీద పెట్టి రీడింగ్ సున్నా చేయండి. ముక్కని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకి కానీ పక్కలకి కానీ తగలకుండా వేలాడదీయండి. ఇప్పుడు త్రాసు చూపించే గ్రాములే ఆ ముక్క ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి బరువుని దీనితో భాగించండి. ముక్క 145 గ్రాములు ఉండి నీళ్లలో రీడింగ్ 10 వస్తే సాంద్రత 14.5, అంటే అది దాదాపు ఖాయంగా కార్బైడ్. బుడగలు అంటుకుని ఉంటే లెక్క తప్పుతుంది, ముక్కని కాస్త కదిపి వదిలించండి.

ఉక్కు 7.8 దగ్గర, హైస్పీడ్ స్టీల్ 8 నుంచి 9 మధ్య, సీసం 11.3, మామూలు కార్బైడ్ గ్రేడ్లు 14 నుంచి 15, హెవీ అల్లాయ్ 17 నుంచి 18.8, అచ్చమైన టంగ్‌స్టన్ 19.25. బంగారం 19.3. ఈ చివరి రెండూ అంత దగ్గరగా ఉండటం వల్లే లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారం పూసిన నకిలీ కడ్డీలు తూకంలో దొరకవు, వాటిని అల్ట్రాసౌండ్‌తో పట్టుకుంటారు, ఎందుకంటే శబ్దం టంగ్‌స్టన్‌లో బంగారంలో కంటే చాలా వేగంగా ప్రయాణిస్తుంది.

అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకోండి. కోబాల్ట్‌తో అతికించిన కార్బైడ్ కొద్దిగా అతుక్కుంటుంది, నికెల్‌తో అతికించినది చాలాసార్లు అతుక్కోదు. హెవీ అల్లాయ్‌లో నికెల్-ఇనుము రకం కాస్త లాగుతుంది, నికెల్-రాగి రకం లాగదు. అచ్చమైన టంగ్‌స్టన్ అసలు స్పందించదు. సాంద్రత, అయస్కాంతం కలిపి చూస్తే పదింట్లో తొమ్మిది ముక్కలు బయటపడతాయి. గ్రైండింగ్ వీల్‌కి ఆనించి నిప్పురవ్వలు చూసే అలవాటు చాలామందికి ఉంది, కార్బైడ్ అయితే రవ్వలు దాదాపు రావు, వచ్చినా పొట్టిగా, మసకగా ఉంటాయి. కానీ ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, నీళ్లతోనే తేలే పనికి ఆ పరీక్ష ఎందుకు?

వేడి కోసం అయితే

టంగ్‌స్టన్ కరిగేది 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లోహాలన్నిటిలో ఇదే ఎక్కువ. అంత వేడికి తట్టుకునే మూస దొరకడం కష్టం కాబట్టి దీన్ని మామూలుగా పోత పోయరు. ఆక్సైడ్ పొడిని హైడ్రోజన్‌లో వేడి చేసి లోహపు పొడి చేసి, దాన్ని అచ్చులో అదిమి, కరగనివ్వకుండానే కాల్చి ముద్ద చేస్తారు. సాగదీసే టంగ్‌స్టన్ తీగ తయారు చేయడం విలియం కూలిడ్జ్‌కి జనరల్ ఎలక్ట్రిక్‌లో 1910 ప్రాంతంలో సాధ్యపడింది, బల్బు ఫిలమెంట్లకి దారి అక్కడ తెరుచుకుంది.

ఒక షరతు మాత్రం మర్చిపోకూడదు. గాలి తగిలితే ఈ లోహం వేడికి నిలవదు. దాదాపు 500 డిగ్రీలు దాటితే గాలిలో ఆక్సైడ్ అవడం మొదలై, 1,000 దాటాక ఆ ఆక్సైడ్ ఆవిరిగా ఎగిరిపోతుంది. కాబట్టి శూన్యం, హైడ్రోజన్, ఆర్గాన్, వీటిలో ఒకటి లేకపోతే ఫర్నేస్ పనికి టంగ్‌స్టన్ కొనకండి, డబ్బు దండగ.

టిగ్ ఎలక్ట్రోడ్ వాడేవాళ్లు ఎక్కువమంది ఉంటారు కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. కడ్డీ చివర రంగు చూడండి. ఆకుపచ్చ అంటే అచ్చమైన టంగ్‌స్టన్, ఎరుపు అంటే 2 శాతం థోరియం ఆక్సైడ్, బూడిదరంగు సీరియం, నీలం 2 శాతం లాంథనం, బంగారు రంగు 1.5 శాతం లాంథనం, తెలుపు జిర్కోనియం. ఈ కలిపే ఆక్సైడ్లు ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటికి రావడానికి సాయపడతాయి, దానితో ఆర్క్ సులువుగా రాజుకుని నిలకడగా ఉంటుంది. ఒక్కటే కొనుక్కోవాలంటే నా సలహా నీలం. ఏసీలో అల్యూమినియంకి, డీసీలో ఉక్కుకి రెండిటికీ పని చేస్తుంది. ఎరుపు బాగా పని చేస్తుందనడంలో సందేహం లేదు, కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం, కడ్డీ చేతిలో ఉంటే పెద్ద ప్రమాదం లేకపోయినా మొన తీర్చేటప్పుడు వచ్చే దుమ్ము లోపలికి పోతే అక్కడే ఉండిపోతుంది. దాదాపు అదే పని చేసే నీలం ఉన్నప్పుడు ఆ టెన్షన్ అక్కర్లేదు.

డీసీలో ఎలక్ట్రోడ్‌ని మైనస్‌కి పెడితే 1.6 మిల్లీమీటర్ల కడ్డీ సుమారు 70 నుంచి 150 ఆంపియర్లు, 2.4 ది 150 నుంచి 250 వరకు మోస్తుంది. ఏసీలో ఇంకా తగ్గించుకోవాలి. మొన తీర్చేటప్పుడు కడ్డీని వీల్‌కి నిలువుగా పట్టండి, అంటే గీతలు కడ్డీ పొడవు వెంట మొన వైపు పోవాలి. అడ్డంగా చుట్టూ గీతలు పడితే ఆర్క్ అటూ ఇటూ తిరుగుతుంది. మొన పొడవు కడ్డీ మందానికి రెండు నుంచి రెండున్నర రెట్లు ఉంటే చాలు, చివర సూదిలా వదలకుండా కాస్త చదును చేయండి, లేకపోతే ఆ సూది కరిగి వెల్డ్‌లో పడుతుంది. ఆ వీల్‌ని టంగ్‌స్టన్‌కి మాత్రమే ఉంచండి. వెల్డింగ్ మధ్యలో మొన కరిగిన లోహానికి తగిలితే అలాగే లాగించకుండా ఆపండి, చివర తీసేసి మళ్లీ తీర్చండి, శ్రావణంతో విరిచేస్తే నిలువుగా చీలుతుంది కాబట్టి డైమండ్ వీల్‌తో కోయడమే మేలు. పని ఆపాక మొన వెండిలా మెరుస్తుంటే గ్యాస్ సరిపోయిందని అర్థం. నీలంగానో నల్లగానో మారితే ఆర్క్ ఆపిన తర్వాత వచ్చే గ్యాస్ సమయం పెంచండి, ప్రతి 10 ఆంపియర్లకి ఒక సెకను అనేది వెల్డర్లు పాటించే లెక్క.

ఇదే వేడి గుణం కోసం ఎక్స్‌రే ట్యూబుల్లో ఎలక్ట్రాన్లు గుద్దుకునే చోట టంగ్‌స్టన్‌కి రీనియం అనే లోహం కలిపి పెడతారు. ఘన ఇంధన రాకెట్ల నాజిల్‌లో అన్నిటికన్నా ఇరుకైన చోట పొడి టంగ్‌స్టన్ ముద్ద సందుల్లో వెండో రాగో నింపి వాడారు. వేడికి ఆ మెత్తని లోహం ఆవిరవుతూ మన ఒంటి చెమటలాగా చల్లబరుస్తుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మా నుంచి వేడి ఎక్కువగా పడే భాగం కూడా టంగ్‌స్టన్‌దే.

అరుగుదల కోసం అయితే

కార్బైడ్ టూల్‌ని చాలా వర్క్‌షాపుల్లో విడియా అనే పిలుస్తారు. అది 1920ల్లో జర్మన్ కంపెనీ క్రుప్ పెట్టిన వ్యాపార నామం, వజ్రంలాగా అనే అర్థం వచ్చే జర్మన్ మాటల నుంచి కుదించినది. అంతకు ముందు బల్బు తీగ లాగడానికి వజ్రపు డైలు (తీగని సన్నగా లాగే చిల్లు ఉన్న అచ్చులు) వాడేవారు, వాటి ఖర్చు భరించలేక బల్బుల కంపెనీ ఓస్రామ్‌లో కార్ల్ ష్రోటర్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో అతికించే పద్ధతి కనిపెట్టాడు. అంటే టంగ్‌స్టన్ తీగ లాగే పనికే టంగ్‌స్టన్ కార్బైడ్ పుట్టింది.

ఇన్సర్ట్ ఎంచుకునేటప్పుడు డబ్బా మీద ఉన్న అక్షరం, రంగు ముందు చూడండి. పీ, నీలం అంటే ఉక్కు. ఎమ్, పసుపు స్టెయిన్‌లెస్. కే, ఎరుపు పోత ఇనుము. ఎన్, ఆకుపచ్చ అల్యూమినియం, రాగి లాంటివి. ఎస్ అంటే టైటానియం, జెట్ ఇంజిన్ అల్లాయ్‌లు. హెచ్ అంటే గట్టిపరచిన ఉక్కు. అక్షరం పక్కన అంకె తక్కువ ఉంటే అరుగుదలకి బాగా నిలుస్తుంది కానీ దెబ్బకి పెళుసు, ఎక్కువ ఉంటే దెబ్బని ఓర్చుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. పీ 10, పీ 40 మధ్య తేడా ఇదే. లోపల జరిగేది ప్రధానంగా కోబాల్ట్ పాలు పెరగడం, రేణువు పరిమాణం మారడం. ఉక్కుకి పోత ఇనుము గ్రేడ్ వాడేసి టూల్ బాగాలేదని తిట్టుకునేవాళ్లని చూశాను. వేడెక్కిన ఉక్కు చిప్, అంటే చెక్కుతుంటే లేచే రజను, టంగ్‌స్టన్ కార్బైడ్‌ని కరిగించుకుని పోతుంది, ఇన్సర్ట్ పైముఖం మీద గుంట పడుతుంది, అందుకే పీ గ్రేడ్లలో టైటానియం, టాంటలం కార్బైడ్లు కూడా కలుపుతారు.

అరిగిన ఇన్సర్ట్‌ని పారేసే ముందు భూతద్దంతో చూడండి. పైన గుంట పడి ఉంటే వేగం తగ్గించండి లేదా అంకె తక్కువ గ్రేడ్‌కి వెళ్లండి. అంచు చిట్లి ఉంటే దెబ్బలు ఎక్కువవుతున్నాయి, అంకె పెంచండి, టూల్ బయటికి పొడుచుకు వచ్చిన పొడవు తగ్గించండి. అంచుకి లోహం అతుక్కుపోయి ఉంటే వేగం చాలడం లేదు. అంచుకి అడ్డంగా దువ్వెన పళ్లలాంటి పగుళ్లు ఉంటే వేడి-చల్లదనం మార్చి మార్చి తగులుతోంది, కూలెంట్ (కోతని చల్లబరిచే ద్రవం) కాసేపు పోసి కాసేపు ఆపడం మానేసి ధారగా పోయండి, లేదా పూర్తిగా పొడిగా నడపండి.

మెత్తని ఉక్కు మీద హైస్పీడ్ స్టీల్ నిమిషానికి 30 మీటర్ల దగ్గర నడిస్తే కోటింగ్ ఉన్న కార్బైడ్ 150 దాటి నడుస్తుంది. అయినా మెషీన్ పాతదై వణుకుతుంటే, కోత మధ్య మధ్యలో తెగుతుంటే, హైస్పీడ్ స్టీలే వాడమంటాను. కార్బైడ్‌కి అదురు ప్రాణాంతకం.

బరువు కోసం అయితే

ఇక్కడ అడగాల్సింది చోటు ఎంత ఉందని. చోటు ఉంటే సీసమో ఉక్కో చాలు. చోటు లేనప్పుడే హెవీ అల్లాయ్: హెలికాప్టర్ రోటర్ బ్లేడ్ చివర, రేస్ కారు అడుగున, క్రాంక్‌షాఫ్ట్ సమతూకంలో, క్యాన్సర్ రేడియేషన్ యంత్రంలో కిరణాన్ని కత్తిరించే పలకల్లో. అది 90 నుంచి 97 శాతం టంగ్‌స్టన్, మిగతాది అతికించే లోహం. దిక్సూచి లాంటి అయస్కాంత పరికరాల దగ్గర నికెల్-రాగి రకం అడగండి, బలం కావాలంటే నికెల్-ఇనుము. కార్బైడ్‌లా కాకుండా దీన్ని లేత్ మీద మామూలు కార్బైడ్ ఇన్సర్ట్‌తోనే చెక్కవచ్చు, పోత ఇనుము చెక్కినట్టే ఉంటుంది.

రక్షణ రంగంలో టంగ్‌స్టన్ కథ అర్థం కావాలంటే ఈ మూడు ప్రశ్నలే అడగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు కవచాన్ని ఛేదించే గుండ్ల లోపల కార్బైడ్ దిమ్మ పెట్టారు, గట్టిదనం ముఖ్యం అనుకుని. అది నిటారుగా తగిలినప్పుడు బాగా చొచ్చుకుపోయేది కానీ వాలుగా ఉన్న పలకకి, ఒకదాని వెనక ఒకటి పెట్టిన పలకలకి తగిలితే పెళుసుగా పగిలిపోయేది. తర్వాతి కాలంలో బాణంలా సన్నగా, పొడుగ్గా ఉండి సెకనుకి 1,500 నుంచి 1,700 మీటర్ల వేగంతో పోయే కడ్డీలు వచ్చాయి. ఆ వేగంలో గట్టిదనం కంటే కడ్డీ పొడవు, సాంద్రత ముఖ్యం, రెండు లోహాలూ ద్రవంలా ప్రవర్తిస్తాయి. సైద్ధాంతిక లెక్కలో చొచ్చుకుపోయే లోతు కడ్డీ పొడవుకి, రెండు సాంద్రతల నిష్పత్తి వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి ఉక్కు కవచం మీద హెవీ అల్లాయ్ కడ్డీ అంతే పొడవున్న ఉక్కు కడ్డీ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు లోతుకి పోతుంది. అందుకే కార్బైడ్ నుంచి హెవీ అల్లాయ్‌కి మారారు. అమెరికా ట్యాంకుల ప్రధాన గుండ్లలో క్షీణ యురేనియం (రేడియోధార్మికత ఎక్కువున్న భాగం చాలావరకు తీసేసిన యురేనియం) వాడుతోంది, జర్మనీ టంగ్‌స్టన్‌నే ఎంచుకుంది. సాంద్రత రెండిటికీ దగ్గరదగ్గరే, యురేనియం మొన చొచ్చుకుపోతూ అంచులు రాలి సన్నగానే ఉంటుంది, టంగ్‌స్టన్ మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ తేడా తగ్గించడానికి పరిశోధన చాలా ఏళ్లుగా నడుస్తోంది.

గాల్లో వచ్చే డ్రోన్లు, క్షిపణుల మీద పేల్చే గుండ్లలో చిన్న టంగ్‌స్టన్ ముక్కలు నింపుతారు, ఎహెడ్ అనే 35 మిల్లీమీటర్ల రకం గుండులో అవి 152. ఇక్కడ కారణం కూడా బరువే, చిన్న ముక్క అయినా గాలిలో వేగం త్వరగా పోగొట్టుకోదు.

అయితే యుద్ధాల్లో టంగ్‌స్టన్ అసలు కీలకం గుండ్లలో కాదు, ఆ గుండ్లని, ఇంజిన్లని, గేర్లని చెక్కే టూల్స్‌లో అని నా అభిప్రాయం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి కొరత వచ్చినప్పుడు కార్బైడ్ గుండ్లు తగ్గించి మెషీన్ టూల్స్‌కి మిగుల్చుకుంది. పోర్చుగల్, స్పెయిన్ గనుల ఖనిజం జర్మనీకి చేరకుండా మిత్రపక్షాలు ఎక్కువ ధర పెట్టి కొనేశాయి, చివరికి 1944 జూన్‌లో పోర్చుగల్ ఎగుమతి ఆపేసింది.

దుమ్ము, నీరు, ఒళ్లు

ప్రమాదం ఎక్కువగా టంగ్‌స్టన్‌కి తోడుగా ఉన్న లోహంతో వస్తుంది. కార్బైడ్ దుమ్ములోని కోబాల్ట్ ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది, దాన్ని హార్డ్ మెటల్ జబ్బు అంటారు. టంగ్‌స్టన్ కార్బైడ్‌తో కలిసిన కోబాల్ట్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2006లో వర్గీకరించింది. ఎలుకల కండరంలో టంగ్‌స్టన్-నికెల్-కోబాల్ట్ ముక్కలు పెడితే కణితులు వచ్చాయని 2005లో బయటపడింది. కాబట్టి కార్బైడ్‌ని తడిగా గ్రైండ్ చేయండి, పక్కనే దుమ్ము లాగే గొట్టం పెట్టండి, మంచి మాస్క్ వేసుకోండి, ఎయిర్ గన్‌తో బల్ల ఊదకండి. కోబాల్ట్ కూలెంట్‌లో కరుగుతుంది, పాతబడిన కూలెంట్ తుంపర కూడా దుమ్ములాంటిదే, వేళకి మార్చండి.

లోహం ఒక్కటే ఉంటే ఏ హానీ లేదని కూడా అనుకోవద్దు. సీసం బదులు టంగ్‌స్టన్-నైలాన్ తూటాలు పర్యావరణానికి మంచివని అమెరికా సైన్యం వాడింది, మసాచుసెట్స్‌లోని శిక్షణ మైదానంలో అది నేలలో కరిగి భూగర్భ జలాల్లో కనిపించడంతో 2006లో అక్కడ ఆపేశారు. చెక్కిన పొడి, రజను మట్టిలో పారబోయకండి.

కొనేటప్పుడు, పారేసేటప్పుడు

ప్రపంచంలో తవ్వే టంగ్‌స్టన్‌లో దాదాపు 80 శాతం చైనాదే. 2025 ఫిబ్రవరిలో చైనా కొన్ని టంగ్‌స్టన్ పదార్థాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. మీ పని ఒకే సరఫరాదారు మీద ఆధారపడి ఉంటే రెండో వాడిని ఇప్పుడే చూసుకోండి, సరుకు ఆగాక వెతికితే దొరకదు. రక్షణ కాంట్రాక్టుల్లో లోహం ఏ దేశం నుంచి వచ్చిందో కాగితం అడుగుతారు, యూరోపియన్ యూనియన్‌లోకి దిగుమతి చేసుకునేవాళ్లకి తగరం, టాంటలం, బంగారంతో పాటు టంగ్‌స్టన్ మూలం మీద కూడా 2021 నుంచి నిబంధనలు ఉన్నాయి. సర్టిఫికెట్‌లో టంగ్‌స్టన్ శాతంతో పాటు అతికించిన లోహం పేరు, సాంద్రత, గ్రేడ్ రాసి ఉన్నాయా చూసుకోండి, వచ్చిన సరుకులో ఒక ముక్కని పైన చెప్పిన నీళ్ల పరీక్ష చేయండి.

అరిగిన ఇన్సర్ట్‌లు చెత్త కాదు, అవి ఖనిజం కన్నా ఎన్నో రెట్లు టంగ్‌స్టన్ ఉన్న సరుకు. వాటిని కరిగిన జింక్‌లో ఉంచి కోబాల్ట్ బంధం విడగొట్టి, జింక్‌ని ఆవిరిగా తీసేసి మళ్లీ పొడి చేస్తారు. ఆ పొడి బాగుండాలంటే రకాలు కలవకూడదు. మూడు డబ్బాలు పెట్టుకోండి: కార్బైడ్‌కి ఒకటి, హెవీ అల్లాయ్‌కి ఒకటి, వెల్డింగ్ కడ్డీ ముక్కలకి ఒకటి. ఎరుపు రంగు కడ్డీల తుంటలు ఆ మూడో డబ్బాలోనూ వేయొద్దు, మూత ఉన్న వేరే సీసాలో పెట్టి పైన థోరియం అని రాయండి. ఉక్కు పిడికి బ్రేజింగ్ చేసిన (వేరే లోహం కరిగించి అతికించిన) టూల్ బిట్ అయితే కార్బైడ్ ముక్కని వేడి చేసి విడదీశాకే మొదటి డబ్బాలో వేయండి.